పాలరాయి

ఫోన్లో గురుమూర్తి అన్నాడు:
"జీడితోటలో ఏవో పాత సమాధులండి, ఆరో ఏడో.
అందులో ఒకటి పాలరాయి.
బ్యాంకువాళ్ళు అవెవరివో తేల్చమంటున్నారు."

కాపులుప్పాడ దాటాక ఎడమచేతికి మట్టిదారి.
టేపు, గొడుగు, మంచినీళ్ళు, సర్వే నకలు.
నకలులో ఆ చోట ఒక చిన్న చదరం,
లోపల ఏమీ లేదు.
పటం గీసినవాడు తెలిసి వదిలేశాడో
ఎండకి తాళలేక వదిలేశాడో.

రొట్టలు నరికిస్తే రాళ్ళు బయటపడ్డాయి
ఒక్కొక్కటే, నిద్రలో దుప్పటి లాగేసినట్టు.
తుప్పురంగు కొండరాయి, గోటికి రాలే రకం.
తడిగుడ్డతో తుడిచి, పక్కనుంచి అద్దంతో ఎండ పట్టి చదివాను:
నడిపల్లి తిమోతి, ఉప్పు కొఠారు గుమస్తా, ౧౯౦౪.
భార్య రాహేలు.
కూతురు కృపావతి, తొమ్మిదేళ్ళది, కలఱా.
చెక్కినవాడు ఆ జబ్బుకి బండి ర వేశాడు,
మామూలు ర చాలదనుకున్నాడేమో.
కొడుకు ఇమ్మానియేలు, ౧౯౫౨.
ఇంకా రెండు, పగిలినవి.

పాలరాయి మాత్రం లేదు.
ఎవరో పట్టుకుపోయి మెట్టుకి వేసుకుని ఉంటారు
అని రాసుకున్నాను.

జీడిపిక్కలు ఏరుతున్న సీతయ్యమ్మని అడిగితే
ఒళ్ళోవి ఒలికిపోయేలా నవ్వింది.
"ఓలమ్మా! పాలరాయంటే తెల్లరాయనుకున్నావేటి?
పాలు పోసే రాయే తల్లీ.
పాలు పడని బాలింతలొస్తారు, ఆదారంపూట, ఎండెక్కకుండా.
నానూ పోసినాను మా పెద్దగుంటడప్పుడు. సోలెడు."
"ఎవరిదమ్మా అది?"
"ఏటో. మాయమ్మ పోసింది, ఆళ్ళమ్మ పోసింది.
ఎవులిదని ఎవులడుగుతారు?"

చూపించింది.
పొద్దుట్నించీ నేను సంచి పెట్టుకున్న రాయే.
మోకాలెత్తు. అక్షరం లేదు.
నెత్తిన ఒక గుంట, దోసిలి పట్టేంత,
పోసి పోసి అరిగిందో, ముందే తొలిచారో.
చీమలు వస్తూ పోతూ.

నేను డబ్బాపాల బిడ్డని.
సంచి తీసేశాను.
తప్పయిందని ఎవరికి చెప్పాలో తెలియలేదు.

తరవాత నెల్లాళ్ళు కాగితాలు.
రిజిస్ట్రారు ఆఫీసులో చెదలు తినగా మిగిలిన దస్తావేజు:
౧౮౯౧ ఆగస్టులో తిమోతి పన్నెండు సెంట్లు కొన్నాడు.
దేనికో రాయలేదు.
వన్‌టౌన్‌లో, పోర్టు క్రేన్ల చప్పుడు వినిపించే చర్చి గదిలో
పాస్టరుగారు ఖననాల రిజిస్టరు తెరిచారు.
ఉప్పుగాలికి పేజీలు అప్పడాల్లా విరుగుతున్నాయి.
అదే ఆగస్టు. ఒక వరస రాసి, కొట్టేసి ఉంది.
గీత కింద సిరా ఇంకా బతికే ఉంది:
"నడిపల్లివారి పాలదాది. బాప్తిస్మము లేదు
గనుక ఇక్కడ వ్రాయరాదు."

రాయరాదని రాసి ఉంది.
పేరు లేదు.

ఆ రాత్రి కొలతలు మళ్ళీ వేశాను,
ఈసారి ఆమె రాయి దగ్గర మొదలుపెట్టి.
చదవగలిగిన తేదీలన్నీ ఆమె తరవాతవే.
చర్చి సమాధుల తోటలో చోటుండగా
గుమస్తా, భార్య, తొమ్మిదేళ్ళ పిల్ల
పద్నాలుగు మైళ్ళు, ఇసకదారిన, ఎడ్లబండి మీద
ఆమె చుట్టూ పడుకోడానికి వచ్చారు.
అందరికన్నా దగ్గరగా ఇమ్మానియేలు,
అరవై ఒక్కేళ్ళవాడు,
మూడడుగుల ఎడంలో, తల అటువైపు.

ఇదంతా నా ఊహ.
ఫారంలో "ఆధారం" అని ఒక గడి ఉంది,
అందులో పాలు నిలవవు.

గురుమూర్తి అడిగాడు: "లేఅవుటుకి అడ్డమాండి?"
"నలభై అడుగుల రోడ్డు పక్కకి జరపాలి."
కాసేపు ఏమీ మాట్లాడలేదు.
"మా ఆవిడా పోసిందటండి, నాకు చెప్పకుండా" అన్నాడు.
రోడ్డు సంగతి చెప్పలేదు.

ఖాళీ చదరంలో ఏడు చుక్కలు పెట్టాను.
నడిమి చుక్క పక్కన ఒక్క మాట: పాలరాయి.

ఎప్పుడో ఎవరో ఆ పటం పట్టుకుని
తెల్లరాయి వెతుక్కుంటూ ఎండలో వస్తారు.
సంచి దించడానికి చోటు చూస్తారు.