నాది అనలేదు

దాలినాయుడు ఇవాళ చెప్పులు ఫ్రిజ్జులో పెట్టాడట.
సుకాంతి ఫోనులో నవ్వుతూనే చెప్పింది,
నవ్వు చివర మాత్రం కొంచెం చిరిగింది.

సైకిలు తీసి వెళ్లాను.
పర్లాకిమిడి మసకలో ఉంది.
మహేంద్రతనయ మీంచి తడి ఇసక వాసన.
అటు పాతపట్నం, ఆంధ్రా. ఇటు ఒడిశా.
చిన్నప్పుడు మా ఇద్దరికీ సరిహద్దంటే
బంతి దాటితే త్రో ఇచ్చే సున్నపు గీత.

మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.
ఆరడుగుల మనిషి. స్టాపర్ బ్యాకు.
కలకత్తాలో పదకొండు సీజన్లు జీతానికి ఆడినవాడు.
నేనూ అదే క్లబ్బులో, వాడి వెనక,
రెండు కర్రల మధ్య.

"ఎవులూ?" అన్నాడు.
"నేనేరా, కీపర్ని."
"స్కోరెంత?"
"ఇంకా మొదలవలేదు."
తృప్తిగా తలూపాడు.

ఆ తల.
వానాకాలం లీగులో తోలుబంతి నీళ్లు తాగి
పనసకాయంత బరువెక్కేది.
వాడు లేచేవాడు. ఒక చప్పుడు,
పక్క గదిలో ఎవరో తలుపు మూసినట్టు.
పొద్దున్న ప్రాక్టీసులో కోచ్ బల్లెక్కి
యాభై విసిరేవాడు, యాభై తలతోనే కొట్టాలి.
ఒకసారి హావ్‌డాలో
వాడు నేలకొరిగి, లేచి,
మా గోలు వైపే బంతి తీసుకుని నడిచాడు.
ట్రైనర్ మెడ మీద స్పాంజి పిండి "ఠిక్ ఆఛే" అన్నాడు.
మేమూ అన్నాం. గెలిచాం కూడా.
ఆ రాత్రి మెస్సులో వాడు అన్నం ముందు ఏడుస్తుంటే
చేపముల్లు గుచ్చుకుందనుకున్నాం.

విశాఖలో స్కాన్ చూసిన డాక్టరమ్మ
వందలోంచి ఏడు తీసెయ్యమంది, మళ్లీ ఏడు, మళ్లీ ఏడు.
తొంభై మూడు దగ్గర ఆగిపోయి
"ఏడో నంబరోడ్ని ఎందుకు తీసెత్తారు,
బాగానే ఆడతన్నాడు కదా" అన్నాడు.
ఆవిడ నవ్వలేదు. ఏదో రాసుకుంది.
తలకి దెబ్బలు ఎన్ని తగిలాయని నన్నడిగింది.
దెబ్బలేవమ్మా,
మేం వాటిని క్లియరెన్సులనేవాళ్లం.

వీధిలో మందు అంటారు.
ముట్టనివాడంటే, అయితే చేతబడి అంటారు.
మొన్న కంచం గోడకి విసిరి
ఆ చేత్తోనే మెతుకులు ఏరాడు,
ఒక్కొక్కటీ.

సుకాంతిది ఒడియా.
పెళ్లికి ముందు ఆమె కోసం నేర్చుకున్న భాష.
ముందు బెంగాలీ పోయింది, తరవాత హిందీ,
ఇప్పుడు అది.
అమ్మ దగ్గర నేర్చిన తెలుగు మిగిలింది, మోకాళ్ల లోతు.
ముప్పై ఏళ్ల కాపురంలో తెలుగు అవసరం పడని మనిషి
పక్కింటి పిల్ల దగ్గర కూర్చుని
తిను, పడుకో, నేనే, భయం లేదు
అని నేర్చుకుంటోంది.
భయాన్ని భొయొ అంటుంది.
వాడికి అర్థమవుతుంది.

ఇక నా సంగతి. ఎవరికీ చెప్పలేదు.
గోలు ముందు ఎత్తుగా వచ్చే బంతి కీపరుది.
బయటికొచ్చి "నాది!" అని అరిస్తే
స్టాపర్ తల దించుకుంటాడు. అదీ ఆట.
నాకు ఆ గుంపులోకి దూకడం భయం,
మోచేతులు భయం.
గీత మీదే ఉండిపోయేవాణ్ని.
వాడు ఒక్క క్షణం నా గొంతు కోసం ఆగి,
వినపడక,
లేచేవాడు.
పదకొండు సీజన్లు.
పేపర్లో ఒకసారి నా ఫొటో వచ్చింది.
వాడూ ఉన్నాడు అందులో, భుజాల దాకా.

చీకటి పడుతుంటే అలా నడిపించుకెళ్లాను.
స్టేడియం గోడ మీంచి పిల్లల బంతి లేచింది,
ప్లాస్టిక్కుది, దూదంత బరువు.
వాడి మెడ బిగిసింది. మోకాళ్లు వంగాయి.
సైకిలు వదిలేసి అరిచాను,
"నాది!"

టీ కొట్టు దగ్గర జనం తిరిగి చూశారు.
బంతి మురుగుకాలవలో పడింది.
దాలి తల దించుకున్నాడు.
బంతి పోయిందిరా, ఇంక ఎత్తు, అన్నాను.
ఇల్లు వచ్చేదాకా ఎత్తలేదు.