గ్లిచ్

బ్రాంక్స్‌లో, ఆలర్టన్ అవెన్యూ పక్కన
ఆరంతస్తుల ఎర్రిటుకల భవనంలో
లిఫ్టు మళ్ళీ ఆగిపోయింది.
నడుముకి స్పానర్ల సంచీ కట్టుకున్న కుర్రాడు
తల గోక్కుంటూ
"చిన్న గ్లిచ్ అమ్మా" అన్నాడు.

తొంభై ఒకటో ఏట ఉన్న హిందె జ్లోత్నిక్
చేతికర్ర మీద గడ్డం ఆనించి
ఆ మాటని ఎగాదిగా చూసింది,
పెళ్ళిలో ఎదురైన పిల్లాణ్ణి
నువ్వెవరి తాలూకురా అన్నట్టు.

వాడికేం తెలుసు?
గ్లిచ్ అంటే జారడం.
నేమన్ నది గడ్డకట్టిన పొద్దున
అన్న వెల్వెల్, నాన్న బూట్లు దొంగతనంగా తొడుక్కుని
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి సర్రున పోవడం.
వంతెన మీంచి అమ్మ శాపనార్థాలు.

తర్వాత వెల్వెల్ ఏమయ్యాడో
హిందె ఎవరికీ చెప్పలేదు.
మాట మాత్రం ఓడెక్కింది.
ఇప్పుడు ఏ బ్యాంకులో కంప్యూటరు మొరాయించినా
ఆ పిల్లాడు నది మీద ఇంకోసారి జారతాడు.

"ఇంత బరువు మీరు ష్లెప్ చెయ్యకండి"
ఉల్లిపాయల సంచీ లాక్కుంది సెర్వా,
హిందెని చూసుకోడానికి వచ్చే ఘనా మనిషి.
ఎక్కడిదే ఆ మాట అంటే
"ఆస్పత్రిలో నర్సులంతా అంటారు, ఇంగ్లీషేగా!"
హిందె నవ్వింది, పళ్ళసెట్టు కదిలేంత.
ఇంత పెద్ద భాషకి
ఈడ్చుకెళ్ళడానికి మా మాటే కావలసొచ్చిందన్నమాట.

తీసుకోనీ.
బేగెల్ తీసుకున్నారు, చిల్లుతో సహా.
సణుగుడికి క్వెచ్.
తన కాళ్ళకి తనే అడ్డంపడేవాడికి క్లట్జ్.
బాకీ ఉన్న ఇంటికే వెళ్ళి
కాఫీలో పంచదార తక్కువైందనేవాడి తెగువకి ఖుత్స్‌పా.
మెన్ష్‌నీ తీసుకున్నారు.
మెన్ష్ అంటే మనిషి, అంతే.
"వాడు మనిషిరా" అని ఒత్తి పలుకుతామే, ఆ మనిషి.
ఆ రెండు మాటలూ ఎప్పుడో
ఒకే ఇంట్లోంచి విడిపోయాయంటారు.

ఒకటి మాత్రం వదిలేశారు.
కోట్ల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు
బొత్తాలకి కాజాలు కుట్టిన కళ్ళకి
ఖాళీ కాజా ఇట్టే కనబడుతుంది.
బెంకెన్.
దగ్గర లేనివాళ్ళ కోసం లోపల ఏదో లాగడం.
తెలుగులో రాస్తున్నాను గనక నాకు సులువు:
బెంకెన్ అంటే బెంగ.
వీటికి మాత్రం ఏ చుట్టరికమూ లేదు.
సంతలో ఒకే పోలికతో ఎదురుపడ్డ
ఇద్దరు పరాయివాళ్ళు.

మూడో అంతస్తు మెట్ల మీద
ఊపిరి కోసం కూచున్నప్పుడు
సెర్వా ఫోను మోగింది. కుమాసీ నుంచి, ఏడేళ్ళ కూతురు.
పెట్టేశాక ఆమె ముఖం చూసి
హిందె ఆ మాట చెప్పింది, రెండుసార్లు.
ముల్లు ఉందేమోనని చేపముక్కని చూసుకున్నట్టు
సెర్వా దాన్ని నోట్లో మెల్లగా తిప్పింది.

మర్నాడు వంటింట్లోంచి
ఇంగ్లీషులో వినబడింది:
"అమ్మ బెంకింగ్, బంగారం. చాలా బెంకింగ్."

హిందె దిద్దబోయి ఊరుకుంది.
ఆ తోక తగిలాక
అది ఇక తన ఇంటి మాట కాదు.
రొట్టెకి వెన్న రాస్తూ
కిటికీలోంచి చూసింది.
స్పానర్ల కుర్రాడు
ఇవాళ కూడా రాలేదు.