కాఫీ లేని కాఫీ కేకు

పేరులో ఉంది గానీ
ఇందులో కాఫీ చుక్క కూడా పడదు.
"మరి ఆ పేరెందుకు?" అన్నాడు మురారి,
చికోరీ ఎంత కలిపారో తేలందే
మల్లేశ్వరంలో పొడి కొననివాడు.
కాఫీతో తింటారు గనక, అన్నాను.
"అయితే మా అమ్మ చేసేవి కాఫీ జంతికలు."

మార్చి ఆదివారం. లింగరాజపురం.
రసెల్ మార్కెట్ నించి తెచ్చిన కిలో ద్రాక్ష,
ఈ ఊరి పేరే పెట్టుకున్న నీలం ద్రాక్ష.
తోలు మందం. ముందు పులుపు, తీపి తర్వాత.
గింజ లేని పండంటూ లేదు.
ఒక్కొక్కటే చీల్చి
హెయిర్‌పిన్ను వంకతో లాగుతూ కూర్చుంటే
గంటంబావు పట్టింది.
వేళ్ళు వంకాయ రంగుకి తిరిగాయి.
రేపు ఆఫీసులో వేలిముద్ర మిషను
నన్ను నేను కాదంటుందేమో.

అసలు పరీక్ష పైన చల్లే పొడి దగ్గర.
మైదా, బెల్లం కోరు, కాస్త దాల్చినచెక్క,
ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్న.
వేళ్ళ కొసలతోనే నలపాలి.
అరచెయ్యి తగిలిందా, ఆ వేడికి ముద్దైపోతుంది.
పెసరగింజంత కొన్ని, శనగగింజంత కొన్ని,
పిడికిట్లో పడితే నిలవాలి
వదిలితే విడిపోవాలి.
ఇంకా నలపనా, ఆపనా?
అడుగుదామంటే కింది వాటాలోనే ఉంది హిల్డా ఆంటీ.
ఈ కొలతలు ఆమెవే,
పాత కరెంటు బిల్లు వెనక, వాలు రాతలో.
కానీ మాకు పదకొండు రోజులుగా మాటల్లేవు.

ట్యాంకరు నీళ్ళ డబ్బుల దగ్గర వచ్చింది.
"మీరు నలుగురు, నేనొక్కదాన్ని" అందామె.
"మీ పూలకుండీలు ముప్ఫై రెండు" అన్నాను,
లెక్కపెట్టి మరీ.
లెక్కపెట్టకుండా ఉండాల్సింది.

అవెన్‌లో నలభై అయిదు నిమిషాలుండాలి.
ఇరవయ్యో నిమిషంలో కరెంటు పోయింది.
అద్దంలోంచి చూస్తే
అంచులు లేచాయి, నడుమ ఇంకా జారుగానే ఉంది,
పొడి కింద ద్రాక్షలు ఊదాగా మునుగుతున్నాయి.
అయిదు నిమిషాలు ఆగాను. పది.
తువ్వాలు మడిచి రేకు పట్టుకుని
మెట్లు దిగాను, పద్దెనిమిది మెట్లు.
మెట్టుమెట్టుకీ నడుం వణికింది,
కేకుది.

తలుపు తీసి ఆమె నా మొహం చూళ్ళేదు.
రేకు చూసింది.
"కుదపకు. లోపలికి రా."
పొద్దుటి బ్రెడ్డు తీసిన గ్యాసు పొయ్యి
ఇంకా చల్లారలేదు. మళ్ళీ అగ్గిపుల్ల గీసింది.
రెండు స్టూళ్ళు. ఎవరి స్టూలు మీద వాళ్ళం.
బెల్లం కరిగే వాసన ఒక్కటే
ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరిగింది.

ఉన్నట్టుండి పైన మా ఫ్యాను కిర్రుమంది.
టీవీలో క్రికెట్టు, పిల్లల కేక.
ఇక్కడ ఆమె ట్యూబులైటు
రెండుసార్లు కన్నుగీటి వెలిగింది.
ఇక నా కేకు నా ఇంట్లో కాలొచ్చు.
నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.
ఆమె లేచి లైటార్పేసింది,
"పగలే కదా" అని గోడకి చెబుతూ.

బయటికొచ్చేసరికి నడుమ కుంగింది.
పొడి ఆ గుంటలోకి జారి మందంగా కట్టింది.
కాఫీ ఆమె కలిపింది,
సీసాలోది, వేణ్ణీళ్ళలో చెంచాడు.
మురారికి చెప్పకూడదు.

రెండో ముక్క నములుతూ ఆగి,
నాలుక కొస నించి ఏదో తీసి
సాసరు అంచున పెట్టింది.
"ఒకటి వదిలేశావు."
"లెక్కపెట్టలేదు" అన్నాను.
ఆమె ఏమీ అనలేదు.
కత్తి తుడుచుకుని ఇంకో ముక్క కోసుకుంది,
కుంగిన వైపు నించి,
పొడి ఎక్కువున్నది చూసి.