తీసిన ఇనుము

థండర్ బేలో జనవరి.
సుపీరియర్ సరస్సు గడ్డకట్టి రాత్రంతా మూలుగుతోంది.
లార్న్ హుట్సులాక్ తన క్రూయిజర్‌ని
పికప్ వెనక నాలుగు తాళ్ళతో నిలబెట్టి తెచ్చాడు,
ఆపరేషనైన మనిషిని ఇంటికి తెచ్చినంత మెల్లగా.
చంకలో ఒక అట్టపెట్టె.
నూనె కాగితాల్లో పెద్ద పిస్టన్లు రెండు, కొత్త కామ్‌లు.

"ఇర్యా, ఎనభై ఎనిమిదిని తొంభై ఐదు చెయ్యగలవా?"
ఘనపుటంగుళాల సంగతి.
చెయ్యగలను. అదే నా తిండి.
మా నాన్న వదిలివెళ్ళిన బోరింగ్ మెషీన్
మూలన గోనెపట్టా కప్పుకుని
ఆ మాటకి చెవులు నిక్కించినట్టనిపించింది.
నా చేతులూ దురద పెట్టాయి, దాచడమెందుకు.

"చెయ్యాలా?" అన్నాడు కాసేపాగి.
ఆ ప్రశ్నకి మా షాపులో రేటు లేదు.

స్టవ్ దగ్గర కూర్చున్నాం.
ముప్పై ఏళ్ళు ధాన్యం గోదాముల్లో చేసినవాడు,
ప్రతి మాటకీ ముందు ఓసారి దగ్గుతాడు,
గోధుమ దుమ్ము ఇంకా దిగలేదు.
"నలుగురం వెళ్తాం నిపిగాన్ దాకా.
ముగ్గురూ మార్పించుకున్నారు.
ఎత్తు ఎక్కేటప్పుడు వాళ్ళ ఎర్ర దీపాల్ని
ఒక్కొక్కటే మలుపు మింగేస్తుంది.
వంతెన దగ్గర ఆగుతారు నా కోసం.
ఒక్కడూ ఒక్క మాట అనడు.
అదే ఇర్యా, ఆ అనకపోవడమే."

నాకు తెలిసింది చెప్పాను.
తీసిన ఇనుము తిరిగి రాదు.
గోడకి అంగుళంలో పదహారో వంతు,
అంతే గీకేది,
ట్రేలో బూడిదరంగు పొడి, ఊదితే పోయేది.
మనసు మారితే స్లీవ్ వెయ్యొచ్చు,
కానీ అది కట్టుడుపన్ను:
నములుతుంది, జివ్వుమనదు.
ఇంజన్‌కి బలమిస్తే క్లచ్ అడుగుతుంది నాకేదని,
క్లచ్‌కిస్తే బ్రేకులు అలుగుతాయి.
ఒక్క పిల్లాడికి బెల్లం పెట్టి
ఇంట్లో దాక్కోలేం.

ఇంకోటి కూడా అన్నాను, అనకుండా ఉండాల్సింది:
ఫ్యాక్టరీవాడి లెక్క దేవుడి వాక్కేం కాదు లార్న్,
భయంతో ఉంచుకున్నదానికి
గౌరవమని పేరు పెట్టకు.

అతను నవ్వలేదు.

"ముందు మూత తీసి చూద్దాం."
కామ్ గొలుసుని నొక్కిపట్టే నారింజరంగు ముక్క
సబ్బుబిళ్ళలా అరిగిపోయింది.
ఓ మూల పెచ్చు ఊడి నూనెలో కలిసింది.
పద్ధెనిమిదేళ్ళు ఎవరూ తాకలేదు దీన్ని.
ఉన్నది ఉన్నట్టుంచానని అతననుకున్నాడు.
ఉన్నది ఉన్నట్టు ఎక్కడుంది?
ముట్టుకోకపోయినా బండి మారుతూనే ఉంది,
లోపల, చీకట్లో,
తిరిగినప్పుడల్లా రవ్వంత.

లార్న్ ఆ ముక్కని గోటితో గీకాడు, వాసన చూశాడు.
చాలాసేపు దగ్గాడు.
"ఇది మార్చు. ఇప్పటికిది."
"మరి పెట్టె?"
"పైనెక్కడో పడెయ్. వంతెన దాకా ఓసారి వెళ్ళొస్తాను."

ఇది రెండు వందల డాలర్ల పని.
పిస్టన్లయితే రెండు వేలు.
ఆ రాత్రి గోనెపట్టా సర్దుతూ
మా నాన్న మెషీన్‌కి సారీ చెప్పాను,
కొంచెం కోపంగానే.

మే నెలలో, మంచు కరిగి రోడ్డు పక్క బురద మిగిలిన పొద్దున,
హైవే మీద మూడు పెద్ద గొంతులు అరుస్తూ పోయాయి.
తర్వాత ఖాళీ.
ఒక ట్రక్కు.
మళ్ళీ ఖాళీ.
అప్పుడు వినపడింది,
కుంటుతున్నట్టే ఉండి కుంటని ఆ పాత నడక.
కాఫీ కప్పుతో గుమ్మంలోకొచ్చాను,
ఆగుతాడేమోనని.
చెయ్యెత్తాడు, ఆగలేదు.
ఆ చెయ్యి వద్దందో
ఇంకా ఆలోచిస్తున్నానందో
అంత దూరం నుంచి తెలీదు.

పెట్టె ఇంకా అటక మీదే ఉంది.
సోమవారాలు దుమ్ము తుడుస్తుంటాను.
మూత మీద అతని పేరు రాశాను,
పెన్సిల్‌తో.