ఒక బకెట్టు నీళ్ళు

కెజియా, సంతకం రేపు పెడుదువుగాని.
ఇవాళ నాతో రా, ఆ బకెట్టు పట్టుకో.
తాళం సాయంత్రందాకా నా దగ్గరే ఉంటుంది.

మాల్‌లో బల్ల మీద నీకు చూపించిన బిల్డింగు
అట్టముక్కలది.
చుట్టూ చెట్లు స్పాంజివి,
ఈతకొలను ఒక అద్దం పెంకు.
ఫిరాస్ కాఫీ పోశాడు, ఖర్జూరం పెట్టాడు,
"ఈ ఫ్లాటుకి ఇంకా ముగ్గురున్నారు మేడమ్" అన్నాడు.
ఆ ముగ్గురూ నాకు తెలుసు.
పదకొండేళ్ళుగా అజ్మాన్‌లో ప్రతి ఫ్లాటుకీ ఉన్నారు,
ఒక్కరి మొహమూ నేను చూళ్ళేదు.
ఒక్కోసారి నిజంగానే ఉంటారనుకో,
మనం బేరమాడేలోపు ఎగరేసుకుపోతారు.
పోనియ్.
పోయిన ఫ్లాటు వారం రోజులు ఏడిపిస్తుంది,
దొరికింది ఏడిపించడం మొదలెడితే
వాయిదాలన్నీ తీరేదాకా.

నేను కడిగేదాన్ని.
యజమాని కంటే ఒక రోజు ముందు
ప్రతి ఇంట్లోనూ కాపురముంటాను.
గచ్చు మీద సిమెంటు మరకలు గోకుతుంటే
గోడలు కడుపులో మాట దాచుకోలేవు.

సాయంత్రం ఆరింటికి రమ్మన్నాడు కదూ నిన్ను?
ఆ వేళకి ఏ ఇల్లయినా
పెళ్ళిచూపులకి కూర్చున్నట్టుంటుంది.
అందుకే మూడింటికి రమ్మన్నాను, ఆగస్టు ఎండలో.
ఆ పడమటి అద్దం మీద అరచెయ్యి ఆనించు.
పది లెక్కపెట్టేదాకా ఉంచగలవా?
నాలుక్కే తీసేశావు.
కరెంటు బిల్లు లోపలికొచ్చే దారి అదే.

దిర్హం బిళ్ళతో పలక పలకా కొట్టి చూడు.
డొల్లగా మోగిన చోట
కింది సిమెంటు ఎవడో తినేశాడు.

ఇదే బిల్డరు కిందటేడు కట్టింది, ఆ ఎదురుగా ఉన్నది.
రాత్రి డ్యూటీకి పోయేటప్పుడు బస్సు దిగి
వెలిగే కిటికీలు లెక్కపెట్టు.
నూట ఇరవైలో పందొమ్మిదే వెలిగితే
అద్దెకి జనం క్యూ కడతారన్న మాటని
ఆ చీకట్లోనే వదిలేసిరా.
వాచ్‌మన్ నూరుల్‌ని అడుగు,
లిఫ్టు నెలకెన్నిసార్లు ఆగుతుందో.
నూరుల్ అబద్ధమాడడు. అతనికి కమీషన్ లేదు.

పన్నెండు నెలల అద్దె రాసుకున్నావు కాగితమ్మీద.
పది రాసుకో.
సర్వీసు చార్జీ మాత్రం పన్నెండుకీ రాయి.
అద్దెవాడు ఖాళీ చేసినా, నీ వీసా ఆగినా
అది మటుకు నిద్రపోదు.
రాత్రుళ్ళు ఐసీయూలో మేలుకుని
ఎవరెవరి ఊపిరో లెక్కపెట్టి సంపాదించావు,
ఆ డబ్బుకి కాస్త పొగరుండాలి.
పిలవగానే పోకూడదు.

ఆఖరి వాయిదా కాగితం ముందు చదువు.
మొదటిది అందరూ నవ్వుతూనే అడుగుతారు.
మనిషి చేతికివ్వకు, మనిషి ఖాతాలో వెయ్యకు,
అతను మనవాడే అయినా,
చర్చిలో పక్క బెంచీవాడైనా.

ఎలా తెలుసంటావా?
జర్ఫ్ దాటాక ఒక గొయ్యుంది, చుట్టూ రేకుల కంచె.
నాది తొమ్మిదో అంతస్తు.
రసీదు ఇప్పటికీ బైబిల్లోనే ఉంది,
అక్షరాలు మాత్రం ఎగిరిపోయాయి.
గోతిలో ఉప్పునీళ్ళూరి కొంగలొస్తున్నాయి.
బస్సు అటు తిరిగినప్పుడల్లా తల పైకెత్తుతాను:
నా వంటగది ఉండాల్సిన ఎత్తులో
పావురాలు.

సరే, అదలా ఉంచు.
ఇప్పుడు బాత్రూములోకి రా, బకెట్టు ఒంపు.
అలా కాదు, గుమ్మానికి దూరంగా, ఒక్కసారే.
నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అనేది మా అత్త.
దేవుణ్ణి ఆదివారం అడుగుదాం,
ముందు నీళ్ళనడుగు.
మాట్లాడకు, చూడు.

తూము అటు.
నీ చెప్పులు తడుస్తున్నాయి.