గుర్రమాగదు

రాత్రి మూడు. దొమ్మలూరు ఆఫీసులో ఏసీ చలి.
డబ్లిన్‌లో ఇంకా తొమ్మిదిన్నరే.
ఏటా ఒక రాత్రి ఐర్లండు
తన సినిమాలకీ సీరియళ్ళకీ పేరంటం చేసుకుంటుంది.
పిలుపు లేని ఆ పేరంటానికి
నేను చెవులు మాత్రం పంపుతాను.

వాళ్ళ మాటని తెర అడుగున అక్షరం చేయడం నా పని.
మాటకీ అక్షరానికీ మధ్య నాలుగు సెకన్లు.
నవ్వితే నవ్వు అని, చప్పట్లైతే చప్పట్లు అని.
ఏడుపు ఆపుకుంటే దానికి రూలు లేదు,
మూడు చుక్కలు పెడతాను.

పేర్లతోనే చావు.
వాళ్ళ పేర్లలో సగం అక్షరాలు
హాజరు వేయించుకుని పని ఎగ్గొడతాయి.
ఆరక్షరాల పేరొకటి, పలికితే సైవ్, అంతే.
పట్టీలో దాని పక్కన పెన్సిలుతో గీత పెట్టుకున్నాను.

ధ్వని విభాగం వచ్చింది.
నటులు ఫోన్లు తీసి చూసుకునే సమయం.
తెర మీద పది క్షణాల ముక్క:
తడి రోడ్డు, మంచు, బండి కనబడదు,
గిట్టలు మాత్రం వస్తున్నాయి.
గుర్రపు గిట్టల చప్పుడు, దగ్గరవుతూ, అని కొట్టాను.
దగ్గరవుతూ అన్నది నేను చేర్చిందే.

సైవ్ గెలిచింది.
చెవులు ఎర్రబడ్డాయి, కోటు ఎవరిదో అరువు,
బహుమతిని ఎలా పట్టుకోవాలో తెలీక
కూరగాయల సంచిలా చంకలో ఇరికించుకుంది.
ఇంగ్లీషులో ఏదో మొదలెట్టి, ఆపి,
పైన లైట్ల వైపు చూసి,
తన భాషలో ఒక్క మాట:

గుర్రమాగదు.

ఒట్టు. నా హెడ్‌ఫోన్లలో అదే వినబడింది.

మా తాత మునిశామప్ప కలాసిపాళ్యంలో జట్కా తోలేవాడు.
వయసైందని రేసుకోర్సు వాళ్ళు తోసేస్తే
పావు ధరకి తెచ్చిన గుర్రం, పేరు దొర.
పరిగెత్తడం నేర్పారు దానికి, ఆగడం నేర్పలేదు.
సజ్జనరావు సర్కిల్లో దిగాల్సినవాళ్ళు
లాల్‌బాగు గేటు దగ్గర దిగి తిట్టేవాళ్ళు.
బడికి దింపమని నేను వెంటబడితే
గుర్రమాగదు పాపా, ఎగిరెక్కు, అని చెయ్యి చాపేవాడు.
ఆ బడి ఫారంలో మాతృభాషకి రెండే గడులు.
టీచరు నన్నడక్కుండానే
'ఇతర' దగ్గర టిక్కు పెట్టింది.

మూడు సెకన్లు అయిపోయాయి.
తెలియని భాషైతే పరభాష అని కొట్టాలి, అది రూలు.
ఆమె ఊళ్ళో, ఆమె పండగలో, ఆమె నోట్లో ఉన్న మాటని
దొమ్మలూరులో కూర్చుని నేను పరాయిదనాలా?
నాలుగు. ఐదు. ఆరు.
తెర అడుగు ఖాళీగా పోతోంది.
గాజు తలుపు అవతల డాఫ్నీ మేడం చెయ్యి ఊపుతోంది.
'ఐరిష్‌లో' అని మాత్రం కొట్టాను.
పదేళ్ళలో మొదటిసారి అర మార్కు పోయింది.

తెల్లారి కాఫీ బండి దగ్గర నిలబడి వెతికాను.
అది కృతజ్ఞత చెప్పే మాటట.
అదీ ఒక్కరికే చెప్పేదట,
పదిమందికి చెప్పాలంటే వేరే రూపముందట.
అంత పెద్ద హాల్లో ఎవరా ఒక్కరు?
ఆమె చెప్పలేదు, లైట్ల వైపు చూసింది.

ఈ అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి,
మెజెస్టిక్‌లో ఆంధ్రా బస్సుల బోర్డులు కూడబలుక్కుని.
తాతకి నేను థాంక్స్ అని ఏ భాషలోనూ అనలేదు.
మా ఇంట్లో ఆ మాటే లేదు,
తిన్నావా అని ఉండేది.

బస్సు స్టాపు దాటి ఇరవై అడుగులు పోయి నెమ్మదించింది.
పరిగెత్తి, కమ్మీ పట్టుకుని ఎక్కాను.
కండక్టరు కన్నడలో తిట్టాడు.
నేను ఐరిష్‌లో జవాబిచ్చాను.