నడిమి సూది

రిచీ స్ట్రీట్‌లో మా బంకు వెడల్పు
రెండు మూరలు, పైన నాలుగు వేళ్ళు.
నేనూ నా మల్టీమీటరూ కూర్చున్నాక
మూడో మనిషి నిలబడే మాట్లాడాలి.

బల్ల కింద బిస్కెట్ల డబ్బా నిండా
దిక్కులేని అడాప్టర్లు.
రౌటరు కాలిపోయాక మిగిలినవి,
ఎవరో ఇల్లు మారుతూ సంచితో ఇచ్చేసి పోయినవి.
ఒక్కోదాని వీపు మీద చీమ తలకాయంత అక్షరాల్లో
దాని జాతకం:
అయిదు వోల్టులు, తొమ్మిది, పన్నెండు,
ఒక ఆంపియరు, రెండు.
ఎవరూ చదవరు.
దూరిందా లేదా, అదొక్కటే చూస్తారు.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన వేళ
తండయార్‌పేట నుంచి సుగుణమణి టీచరు
పాత చీర చుట్టిన కీబోర్డు చంకన పెట్టుకుని వచ్చింది.
చర్చిలో పిల్లలకి పాటలు నేర్పేది దాంతోనే.
"నేనేం చేయలేదమ్మా. దీని ప్లగ్గు కనబడక
సెట్‌టాప్ బాక్సుది పెట్టాను.
సరిగ్గా పట్టింది."

సరిగ్గా పట్టింది.
ఈ వీధిలో నేను రోజూ వినే వాంగ్మూలం.

కీబోర్డు వెనక్కి తిప్పి చూపించాను.
ఒక చుక్క, చుట్టూ నోరు తెరిచిన సున్నా,
ఇటొక కూడిక గుర్తు, అటొక తీసివేత గుర్తు.
దీనికి కావలసింది తొమ్మిది, నడిమి సూది మైనస్.
మీరు పెట్టింది పన్నెండు, నడిమి సూది ప్లస్.
కన్నం ఒకటే, కొలతా ఒకటే.
లోపల తలకిందులు.

ఇప్పటి ఫోన్లు నయం.
తీగలోనే ఒకదాన్నొకటి అడిగి తెలుసుకుంటాయి,
నీ దగ్గరెంతుంది, నాకెంత కావాలి అని.
అయిదుతో మొదలుపెట్టి
ఒప్పందం కుదిరాకే తొమ్మిదికి ఎక్కుతాయి.
పాతవాటికి మాటలు రావు.

"మరి గోడ ప్లగ్గుకి ఈ గొడవ లేదుగా?" అంది.
లేదు. గోడలోది సెకనుకి యాభైసార్లు
అటూ ఇటూ ఊగుతుంది, దానికి ప్లస్సూ మైనస్సూ నిలవవు.
దాని గొడవ వేరు. రెండొందల ముప్పై.
అందుకే ఆ మూడో కాలు, లావుగా, పొడుగ్గా.
అన్నిటికంటే ముందు లోపలికి వెళ్ళేది అదే,
అన్నిటికంటే ఆఖర్న బయటికొచ్చేదీ అదే.
ఏ పనీ చేయదు,
తప్పు జరిగిన రోజు నేలకి కబురందించడం తప్ప.

మా నాన్న ఆ కాలు విరగ్గొట్టేవాడు,
రెండు కన్నాల బోర్డులో పట్టడం లేదని.
ఇస్త్రీపెట్టె ముట్టుకుంటే చేతికి చీమలు పాకేవి.
అలవాటైపోతుందిలే అనేవాళ్ళం.
ఒక వానాకాలం, తడికాళ్ళతో,
మా పిన్నికి అలవాటు కాలేదు.

ఇదంతా టీచరుతో చెప్పలేదు.
స్క్రూలు విప్పాను. ఎనిమిదుండాలి, ఏడే ఉన్నాయి.
ముందు కాలిన వాసన, తర్వాత మచ్చ.
గుమ్మంలోనే వడ్లగింజంత డయోడు.
కరెంటు తప్పు వైపు నుంచి వస్తే
తానే అడ్డంపడి మింగేయడం దాని కొలువు.
మింగింది. చిట్లింది.
దాని వెనకాల బోర్డు మీద ఎక్కడా నలుపు లేదు.

కొత్తది రెండు రూపాయలు. అతికిన కూలి వేరే.
చచ్చినదాన్ని కూడా పొట్లం కట్టి ఇమ్మంది,
ఆదివారం పిల్లలకి పాఠం చెబుతుందట.
నేనేమీ అనలేదు.
నాకది డయోడే.

డబ్బా అడుగు దాకా వెతికితే
తొమ్మిది వోల్టులది, సూది మైనస్‌ది, ఒక్కటి దొరికింది.
మెడ దగ్గర టేపు చుట్టి, మీటరు పెట్టి చూసి, ఇచ్చాను.
టీచరు ఒక మెట్టు నొక్కింది.
ఆటో హారన్ల మధ్య సన్నగా పలికి
వేలు తీసేదాకా ఆగలేదు.

నా గోళ్ళరంగు సీసా తీసి
ప్లగ్గు మీద ఒక ఎర్ర చుక్క,
కన్నం పక్కన ఒక ఎర్ర చుక్క పెట్టాను.
చుక్కకి చుక్క, టీచర్.
ఇంకేదీ వద్దు, ఎంత బాగా పట్టినా.

తలెత్తేసరికి ఇంకొక కుర్రాడు, చేతిలో తెగిన తీగ:
"అక్కా, ఏదైనా పరవాలేదు,
దూరితే చాలు."